బచ్చప్ప బావిలో వజ్రం కోత

బచ్చప్ప ఏ కథ మొదలుపెట్టినా చిన్నగానే మొదలుపెడతాడు. కోలారు జిల్లా క్యాసంబళ్ళి చుట్టుపక్కల ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. పెద్ద కోత కోయబోయేవాడు మొదటే పెద్దగా కోస్తే వినేవాళ్ళు తుండుగుడ్డ దులుపుకుని లేచిపోతారని అతని అనుభవం. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి అరుగు మీద గోడకి చేరగిలబడి, కుడికాలు దిండు మీద చాపుకుని, గొంతు సవరించుకుని, "పెద్దగా ఏమీ లేదప్పా. బావిలో దిగినాను, బండ జారింది, పక్కకి తోసినాను. అంతే," అన్నాడు.

అరుగు మీద నలుగురైదుగురు ఇరుగుపొరుగువాళ్ళు చేరి ఉన్నారు. వాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు ఓబలప్ప. పాల డెయిరీలో సెక్రటరీ. బచ్చప్పతో పాటు చదువు మానేసినవాడు, అప్పటి నుంచీ బచ్చప్ప కోసే ప్రతి కోతకీ పక్కన కూర్చుని అడ్డం తగిలేవాడు. అతని పక్కన కుర్చీలో శ్రీరక్ష కూర్చుని ఉంది. పక్కవీధి అయ్యవారి మనవరాలు. బెంగళూరులో వజ్రాలని పండించే ల్యాబులో ఉద్యోగం. వజ్రాలు తవ్వే చోటు కాదు, పండించే చోటు. బచ్చప్ప ఆస్పత్రిలో పడుకుని ఉన్నప్పుడు చూడబోయి, పాపం పొద్దుపోవడంలేదు కదా అని ఆ వజ్రాల సంగతులన్నీ అతనికి చెప్పింది. అట్లా చెప్పడం ఎంత పొరపాటో ఆ పిల్లకి ఆ ఆదివారం గాని తెలియలేదు.

అరుగు చివర స్తంభానికి ఆనుకుని, మజ్జిగ చెంబు చేత పట్టుకుని కూర్చున్నవాడు మునేష్. టేకల్ పక్క బండల క్వారీలో, బండల్ని కోసే వజ్రాల తీగ మిషను నడుపుతాడు. ఆ రోజు ఇంట్లో వంట జరుగుతున్నది అతనికోసమే. బావిలో ఇరుక్కున్న బచ్చప్పని బయటికి తీసినవాడు అతనే.

కాలికి వేసిన కమ్ములు కుదురుకుని, కర్ర ఊతంతో నాలుగడుగులు వేసిన రోజు నుంచీ పిల్లమ్మ మొగుడి వెంట పడుతూనే ఉంది. "నిన్ను పైకి తెచ్చినోణ్ణి పిలిచి ఒక పూట అన్నం పెట్టకపోతే మనం మనుషులమేనా," అని. బచ్చప్ప ఇదిగో అదిగో అంటూ జరుపుతూ వచ్చాడు. పెట్టడానికి మనసు లేక కాదు. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే ఏం చెప్పాలో తెలియక. ఊరందరికీ చెప్పడానికి అతని దగ్గర మాటలు గాదెలు గాదెలుగా ఉన్నాయి. మునేష్‌కి చెప్పాల్సినది మాత్రం ఎక్కడ వెతికినా దొరకలేదు. పొద్దున మునేష్ అరటిపళ్ళ అత్తం పట్టుకుని గడప దగ్గర నిలబడితే, "దా అప్పా, కూర్చో," అని, ఆ తర్వాత మామిడి పూత గురించి, పట్టుపురుగుల మేత గురించి మాట్లాడి ఊరుకున్నాడు.

అంతలో ఓబలప్ప వచ్చి, "బచ్చప్పా, ఆ బావి కథ మాకు చాలాసార్లు చెప్పినావు. ఈ పొద్దు ఆయన ఎదురుగా చెప్పు చూద్దాం," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంక తప్పలేదు.

బావిలో జరిగిన దాంట్లో ఒక్క సంగతి బచ్చప్ప ఎవరికీ చెప్పలేదు. పిల్లమ్మకి కూడా. అది తెలిసినవాడు స్తంభానికి ఆనుకుని మజ్జిగ తాగుతున్నాడు.

"మా మామిడితోపులో పాత బావి ఉండాది కదప్పా, మా తాత తోడించింది," అని ఎత్తుకున్నాడు బచ్చప్ప. "ఏండ్ల తరబడి ఎండి ఉండె. చెరువుకి నీళ్ళొచ్చినాక దీంట్లోనూ ఊట తగిలింది. సరే, పూడిక తీద్దామని దిగితి. పార ఒక్కేటు వేసినానో లేదో, పక్క గోడలోంచి బండ జారింది. నేనేం చేసినాను? ఒక చేత్తో ఆపినాను."

"ఒక చేత్తోనా?" అన్నాడు ఓబలప్ప.

"ఇంగో చేతిలో పార ఉండె కదప్పా."

"బండ ఎంత ఉంటుంది?"

"ఎంత, ట్రాక్టరంత." బచ్చప్ప ఓరగా మునేష్ వైపు చూశాడు. మునేష్ చెంబులోకి చూసుకుంటున్నాడు, కాదనలేదు. "ట్రాక్టరంటే ఉత్త ట్రాక్టరు కాదు, ట్రైలరుతో సహా. ట్రైలరు మీద లోడు కూడా."

నిజానికి ఆ బండ ఇంట్లో బట్టలు పెట్టుకునే బీరువా అంత ఉంటుంది. జారివచ్చి బచ్చప్ప కుడికాలిని తొడ దాకా గోడకి అదిమింది. కింద ఇంకో రాయి అడ్డుపడబట్టి అక్కడికి ఆగింది. ఆ చిన్న రాయి లేకపోతే కాలు అప్పడమయ్యేది. బండని ఎటు లాగినా దొర్లి గుండెల మీదికి వచ్చేది. ఇదంతా బచ్చప్పకి అంగుళం అంగుళం తెలుసు. కళ్ళు మూసుకుంటే ఆ బండే కనబడుతుంది, అందుకే దాని గురించి మాట్లాడేటప్పుడు కళ్ళు పెద్దవి చేసుకుని మాట్లాడతాడు.

"ఊరంతా వచ్చేసిరి. గడారులు పెట్టి ఎత్తినారు. గడారులు ఎట్ల వంగినాయో తెలుసా? పెండ్లిపీటల మీద పెండ్లికూతురు తల వంచుకుంటుందే, అట్ల. అంత ఇనుమూ సిగ్గుపడిపోయింది. జేసీబీ వచ్చింది. ఒక్కసారి కొరికింది, పండ్లు రాలిపోయినాయి. ఈ పొద్దుటికీ ఆ జేసీబీ పండ్లసెట్టు పెట్టుకుని తిరుగుతా ఉండాది, కావాలంటే పోయి చూడండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కేజీఎఫ్ నించి ఒక పెద్దాయన వచ్చినాడు. చాంపియన్ రీఫ్ షాఫ్టులో పాతాళం దాకా దిగి బంగారం తవ్వినోడు. బావిలోకి వంగి, బండ మీద గులకరాయి వేసి శబ్దం విన్నాడు. విని, చేతులెత్తి దండం పెట్టి, మా గనికంటే ఇది మొండిదప్పా అని అరవంలో చెప్పి, వచ్చిన బస్సులోనే ఎల్లిపోయినాడు."

"మందు పెట్టి పేల్చిండొచ్చు కదా," అన్నాడు ఇంకొకతను.

"పేల్చొచ్చు. బండతో పాటు నేనూ పోయిందును. బండ నా మీదనే కదప్పా కూర్చోనుండాది." బచ్చప్ప నవ్వాడు, అందరూ నవ్వారు. "అప్పుడు నేను కింద నించి ఒక కేక వేసినాను. ఒరే, ఇనుముతో అయ్యే పని కాదిది. వజ్రం తెండి. బండకి మొగుడంటే వజ్రమే, అని."

లోపల పొయ్యి దగ్గర నుంచి పిల్లమ్మ గొంతు వినబడింది. "ఆ మాట అన్నది ఎవరు?"

అన్నది పిల్లమ్మే. ఆమె పుట్టిల్లు మునేష్ పనిచేసే క్వారీ పక్కన. పెద్ద పెద్ద బండల్ని తీగతో జున్నుముక్కల్లా కోయడం చిన్నప్పటి నుంచీ చూసింది. బావి గట్టున అందరూ తలా ఒకటి అరుస్తుంటే ఆమె ఏడుపు ఆపుకుని, అక్కడున్న తమ్ముడికి ఫోన్ చేసి, మిషను పంపించమని అడిగింది. ఆ అడగడమే లేకపోతే ఈ ఆదివారం ఈ అరుగు మీద ఈ కోతలు లేవు.

"నువ్వు పైన అన్నావు, అదే నేను కింద అనుకున్నాను," అన్నాడు బచ్చప్ప గొంతు కొంచెం తగ్గించి. "ఇన్నేండ్ల సంసారం. ఇద్దరికీ ఒకే మాట తడుతుంది."

లోపల పిల్లమ్మ గిన్నె మీద మూత తీసింది. కోడిపులుసు వాసన అరుగు మీదికి వచ్చింది.

"సరే, వజ్రం కావాల. యాడ ఉండాది? భూమిలో ఉండాది. భూమిలో అది తయారయ్యేకి కోట్ల ఏండ్లు పడుతుందంట. నాకు అంత తీరిక యాడిది? పాలు పిండే పొద్దయింది. అందుకని ఫోన్ తీసి మన శ్రీరక్షమ్మకి కొట్టినాను."

"మీ ఫోన్ బావి నీళ్ళలో పడి పాడయిపోయింది కదా మామా," అంది శ్రీరక్ష. "ఆస్పత్రిలో మీరే చెప్పినారు."

"పాడయిందమ్మా. పాడయ్యే ముందు ఒక్క కాలు పోయింది. మంచి ఫోన్." ఆమె మారుమాట అందుకునే లోపల, "నువ్వు అడ్డం మాట్లాడొద్దు తల్లీ, వజ్రం ఎట్ల చేస్తారో వీళ్ళకి చెప్పు. నేను చెప్తే కోతలంటారు," అన్నాడు.

శ్రీరక్ష నవ్వి, తన పని గురించి ఎవరైనా అడిగితే వచ్చే ఉత్సాహంతో కుర్చీలో ముందుకు జరిగింది. "బొగ్గు, పెన్సిల్లో ముల్లు, వజ్రం, అన్నిటిలో ఉండేది ఒకటే సరుకు. కార్బను. లోపల పేర్చిన తీరు వేరు, అంతే. దాన్ని వజ్రం చేసేకి రెండు దోవలు ఉన్నాయి. నల్లటి కార్బను పొడిని తీసుకుని, విపరీతంగా కాగబెట్టి, పెద్ద పెద్ద యంత్రాల మధ్య పెట్టి నొక్కడం ఒకటి. భూమి లోపల జరిగేదాన్నే పైన చేస్తామన్నమాట. మునేషన్న తీగ మీద పూసలుంటాయి చూడండి, వాటిలో పొదిగిన వజ్రపు నలుసులు అట్లా పుట్టినవే. రెండోది మేం చేసేది. పలచటి వజ్రపు బిళ్ళని విత్తనంలాగా ఒక గదిలో పెట్టి, లోపల గాలంతా తీసేసి, మీథేన్ గ్యాసు, ఇంకో గ్యాసు కలిపి వదులుతాం. అవి ఊదారంగులో మెరుస్తూ కాగుతాయి. గ్యాసులో ఉన్న కార్బను విడిపోయి బిళ్ళ మీద పొర మీద పొర పేరుకుంటుంది. వారాలు పడుతుంది. కానీ అచ్చం వజ్రమే. నకిలీ కాదు."

"మీథేన్ అంటే?" అన్నాడు ఓబలప్ప.

"మన పేడ గ్యాసులో ఉండేదే."

ఆ మాట ఆస్పత్రిలో విన్నప్పుడు ఎట్లా వెలిగాయో ఇప్పుడూ బచ్చప్ప కళ్ళు అట్లాగే వెలిగాయి. "విన్నారు కదప్పా. చదువుకున్న పిల్ల నోటితో చెప్పింది. ఇంగ నేను చెప్పేది వినండి. నా మీద బండ. బండ మీద ఊరు. ఊరంటే ఊరే, గట్టు చుట్టూ నిలబడినోళ్ళ బరువంతా ఆ బండ మీదనే కదా. కింద నా ఒళ్ళు కోపానికి కాగిపోతా ఉండాది, నీళ్ళు మసలుతాండాయి. నా చొక్కా జేబులో సగం కాలిన బీడీ ఒకటి ఉండె."

"బీడీ మానేసినాను అని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినావు," అంది లోపల నుంచి పిల్లమ్మ.

"అందుకే కదే సగంలో ఆర్పేసినాను. ఆ బీడీ మసి, ఆ నొక్కుడుకీ ఈ వేడికీ ఏమైంది? వజ్రమయింది. జేబులో చెయ్యి పెట్టి తీసినాను. ఆవగింజంత. తళతళ."

"దానికి ఎంత నొక్కుడు కావాలో తెలుసా మామా? బొటనవేలి గోరు మీద టమోటా లోడు లారీలు వరసగా ఎక్కించినంత," అంది శ్రీరక్ష.

"మా ఊరోళ్ళ బరువు నీకు తెలీదమ్మా. ఓబలప్ప ఒక్కడే రెండు లారీలు." ఓబలప్ప తన పొట్ట వైపు చూసుకున్నాడు. "కానీ ఆవగింజతో బండ ఎట్ల కోసేది? పెంచాల. అప్పుడు చెప్పినాను, మా సీమావుల పేడ గ్యాసు పైపుని బావిలోకి దించండి అని. దించిరి. ఆవగింజని అరచేతిలో పెట్టుకుని, దాని మీదికి గ్యాసు వదిలినాను. పొర మీద పొర. ఆవగింజ అలసంద అయింది. అలసంద నిమ్మకాయ అయింది. నిమ్మకాయ టెంకాయ, టెంకాయ గుమ్మడికాయ. ఇంగా పెరుగుతా ఉండాది. చాలు తల్లీ అని నేనే పైపు మూసేస్తి. మూయకపోతే వజ్రం బావి నిండి, గట్టు దాటి, తోపులో పారేది."

"వాసన?" అన్నాడు ఓబలప్ప.

"ఉండె. అందుకే ఆ వజ్రాన్ని ఏ సేటూ కొనలేదు."

ఈసారి మునేష్ కూడా నవ్వాడు. మజ్జిగ పొలమారి, తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. ఆ నవ్వు చూసి బచ్చప్ప గోడకి ఇంకాస్త చేరగిలబడ్డాడు. ఈ మనిషిని నవ్వించగలిగాను అనుకున్నాడు. ఇట్లాగే నవ్విస్తూ పోతే చెప్పాల్సిన మాట ఎక్కడో దారిలో తగలకపోతుందా అనుకున్నాడు.

"ఇంగేముంది, ఆ వజ్రాన్ని తీగకి కట్టినాను, కోసినాను. అదో, మునేషప్ప కూడా ఉండాడు ఆ పొద్దు. పైన. మిషను పక్కన. తీగ మీద నీళ్ళు పోస్తా." ఆ మాట అని బచ్చప్ప చూపు పక్కకి తిప్పుకున్నాడు.

ఎందుకంటే మునేష్ పైన లేడు. మిషను గట్టు మీద ఉంది. దాన్ని నడిపింది అతని తోటి పనివాడు. అక్కడి నుంచి కప్పీల మీదుగా తీగ బావిలోకి దిగింది. బండ వెనక సందులోంచి ఆ తీగని దూర్చి, చుట్టూ తిప్పి ముడి వేయడానికి మునేష్ తాడు పట్టుకుని దిగాడు. దూర్చాక పైకి వెళ్ళిపోవాలి. క్వారీలో తీగ తిరిగేటప్పుడు దాని దరిదాపుల్లో ఎవరూ నిలబడరు. తెగిందంటే పూసలు తుపాకీ గుళ్ళలాగా లేస్తాయి. మునేష్ వెళ్ళలేదు. క్వారీలో వాడే మందపాటి రబ్బరు పట్టాని పైనుంచి దించమని, దాన్ని తీగకీ తమకీ మధ్య నిలబెట్టి, బురదనీళ్ళలో బచ్చప్ప పక్కన చతికిలబడ్డాడు. పైకి చెయ్యి ఊపాడు. తీగ తిరగడం మొదలైంది. ఆ చప్పుడు, చెవుల్లో కాదు, పళ్ళలో వినబడింది బచ్చప్పకి. బండ కాలి మీద వణికింది.

అక్కడి దాకా తలుచుకుని బచ్చప్ప ఆగిపోయాడు. అరుగు మీద అందరూ చూస్తున్నారు.

"తర్వాత?" అన్నాడు ఓబలప్ప.

"తర్వాతనా," అని బచ్చప్ప ఆ బావిలో నుంచి ఒక్క ఉదుటున బయటపడ్డాడు. "తర్వాత అసలు కథ. బండ తెగింది. వెన్నలో దారం పోయినట్లు తెగింది. కానీ తీగ ఆగలేదప్పా. గుమ్మడికాయంత వజ్రం, దానికి బండ ఒక లెక్కా? బావి గోడలోకి దూరింది. నేల కింద కోసుకుంటా పోయింది, నేను తోక పట్టుకుని ఆగవే ఆగవే అంటా ఉండాను. కేజీఎఫ్‌లో మూసేసిన గనుల కింద దూరింది. పైన ఆండర్సన్‌పేట్‌లో ఇండ్లల్లో గిన్నెలు గలగలమన్నాయి, జనం బయటికొచ్చి, మళ్ళా గనులు తెరిచినారు కాబోలని స్వీట్లు పంచుకున్నారు. ఆడినించి మళ్ళుకుని ముళబాగిలు దగ్గర హైవే మీద పైకి లేచింది. అప్పుడే కోలారు మార్కెట్టు నించి టమోటా లారీ ఒకటి చిత్తూరికి పోతా ఉండాది. మధ్యలోకి కోసేసింది."

"అయ్యో," అన్నారు ఎవరో.

"అయ్యో లేదు. అంత నున్నటి కోత. ముందు సగం ఆగకుండా చిత్తూరికి పోయింది. పలమనేరు దాటి, టీ తాగేకి దిగితే గాని డ్రైవరుకి తెలీలేదు, వెనక సగం లేదని. ఆ వెనక సగం ముళబాగిలు బస్టాండులో ఆగి ఉండాది. ఒక్క టమోటా చితకలేదు. రెండూర్లలోనూ అన్‌లోడ్ చేసుకున్నారు."

ఓబలప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. శ్రీరక్ష కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. బచ్చప్ప మునేష్ వైపు చూడలేదు. చూడకుండానే ఇంకా పైకి ఎక్కాడు.

"ఇంగ ఆ వజ్రాన్ని ఏం చేసేది? గుమ్మడికాయ తరిగినట్లు తరిగినాను. ఊరకనే ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేసినాను. కంటి డాక్టరుకి ఒక ముక్క. చెప్పమ్మా, కంటి ఆపరేషనుకి వజ్రం వాడతారా లేదా?"

"వాడతారు మామా. వజ్రం అంచుతో చేసిన చిన్న కత్తులు. అంత సన్నగా స్టీలు తెగదు."

"ఆ. నేనిచ్చిన ముక్కతో ముసలాయన ఒకడికి పొర తీసినారు. ఇప్పుడు ఆయన అంతరగంగ కొండెక్కి నిలబడి తిరుమల గుడిలో ఎవరు క్యూలో ఉండారో చెప్తాడు. ఇంగో ముక్క, వేడి లాగేకి. వజ్రం వేడిని లాగుతుంది కదమ్మా?"

"రాగి కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. ఫోన్ టవర్లలో, పెద్ద మిషన్లలో చిప్పులు కాలిపోకుండా పలచటి వజ్రం ముక్కలు పెడుతున్నారు. మేం పండించేవి చాలావరకు అందుకే పోతాయి. నగలకి పోయేవి కొన్నే."

"అదీ. ఆ ముక్కని మా పొయ్యి పక్కన మర్చిపోయినాను. మూడు పూటలు సంగటి ఉడకలేదు. పొయ్యిలో మంట గజగజ వణికి దుప్పటి అడిగింది. తీసుకుపోయి కోలారు టవరు కింద పెడితే, ఆ ఏడు ఎండాకాలమే రాలేదు జిల్లాకి. జనం స్వెటర్లు వేసుకుని మామిడికాయలు కోసినారు. చివరి ముక్క మా పిల్లమ్మకి ముక్కుపుడక."

పిల్లమ్మ చేతిలో తెడ్డుతో తలుపు దగ్గరికి వచ్చింది. "యాడ ఉండాది ఆ ముక్కుపుడక?"

"వేస్తే ఆ బరువుకి నీ ముక్కు నేలకి వంగిపోతుందని వద్దన్నాను. నీ మేలు కోరి."

"బతికినావు," అంది పిల్లమ్మ. ఆ మాట ఎగతాళిగా అన్నా, అన్నాక ఆమె మొహంలో ఎగతాళి మిగల్లేదు.

నవ్వులు కొంచెం సద్దుమణిగాయి. అప్పుడు మునేష్ చెంబు కింద పెట్టాడు.

"బచ్చప్పన్నా, ఒక మాట చెప్పనా?"

బచ్చప్ప కర్రని దగ్గరికి లాక్కున్నాడు. వద్దనడానికి వీల్లేదు. "చెప్పప్పా," అన్నాడు.

"అన్న చెప్పిందంతా బాగుండాది," అన్నాడు మునేష్ అందరి వైపూ తిరిగి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. "గుమ్మడికాయ వజ్రం నేను చూడలేదు, నా తీగ మీద ఇసకంత నలుసులే ఉంటాయి. అయినా సరే. కానీ అన్న ఒకటి మర్చిపోయినాడు. తీగ తిరిగేకి మొదలైనప్పుడు అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపు కోసినామో అంతసేపూ పట్టుకునే ఉండాడు. ఒక్క మాట మాట్లాడలేదు."

"ఎవరు?" అన్నాడు ఓబలప్ప. "బచ్చప్పనా? మాట్లాడలేదా?"

"ఒక్కటి కూడా."

ఓబలప్ప చుట్టూ చూశాడు. గుమ్మడికాయంత వజ్రం నమ్మినా నమ్ముతాడు గాని, ఇది నమ్మేటట్లు లేడు.

"బండ తెగింది," అన్నాడు మునేష్. "తెగిన చెక్కని చైను కట్టి పైకి లాగినారు. కాలు బయటికొచ్చింది. స్ట్రెచరు దించి అన్నని ఎక్కించినారు. అంతా అయింది. చెయ్యి మాత్రం వదల్లేదు. పైకి తెచ్చినాక, ఆంబులెన్సుతో వచ్చిన డాక్టరమ్మ వేలు వేలు విప్పి చూసింది, రాలేదు. నేను చెప్పినాను, అన్నా అయిపోయింది, పైకొచ్చేసినావు అని. వినబడలేదు. ఇంగేం చేస్తారు, ఇద్దర్నీ ఒకే ఆంబులెన్సులో వేసి కోలారుకి తీసుకుపోయినారు. నా చెప్పులు మీ తోపులోనే ఉండిపోయినాయి. దోవలో చూస్తే నేనూ బురదలో ఉండాను కదా, ఎవరికి దెబ్బ తగిలిందో తెలీక, ఆంబులెన్సులో నర్సు అమ్మాయి ఇంజెక్షను నాక్కూడా పొడిచింది."

అరుగు మీద నవ్వు మొదలైంది. మునేష్ అది ఆగేదాకా ఉండి, "నా తీగకి తెగని బండని నేను ఇప్పటిదాకా చూడలేదప్పా," అన్నాడు. "అన్న పట్టు మాత్రం తెగలేదు."

ఓబలప్ప చప్పట్లు కొట్టి నవ్వాడు. శ్రీరక్ష నవ్వింది. పక్కింటివాళ్ళు నవ్వారు. తలుపు దగ్గర పిల్లమ్మ నవ్వలేదు. తెడ్డు పట్టుకుని మునేష్ వైపే చూస్తూ నిలబడింది.

"ఆ పొద్దు ఆంబులెన్సులో నీ పక్కన ఇంగోడు ఉండె," అంది మొగుడితో. "మొహమంతా బురద, ఇంగో పేషెంటు అనుకుంటిని నేను. పాపం ఎవరికేమైందో అనుకుంటి."



"నిజమా బచ్చప్పా?" అన్నాడు ఓబలప్ప.

బచ్చప్ప నాలుక చివరకి జవాబులు చాలా వచ్చాయి. మునేష్ భయపడుతున్నాడని తానే అతని చెయ్యి పట్టుకున్నానని చెప్పొచ్చు. వజ్రం వేడికి ఇద్దరి చేతులూ అతుక్కుపోయాయని చెప్పొచ్చు. అట్లాంటివి పుట్టించడం అతనికి రెప్పపాటు పని. అన్నీ వచ్చాయి, అన్నీ వెనక్కి పోయాయి. ఇన్నాళ్ళూ ఈ మాట బయటపడితే తలెత్తుకోలేననుకున్నాడు. ఇప్పుడు బయటపడింది. వాళ్ళు నవ్వుతున్నారు, తనకేమో ఎవరో బండ పక్కకి జరిపినట్లుగా ఉంది.

"నిజమే," అన్నాడు. మునేష్ వైపు చూసి, "ఆ చెయ్యి వదిలింటే పోయిందును," అన్నాడు.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. ఓబలప్ప అడ్డం తగల్లేదు. పై కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

పిల్లమ్మ విస్తరాకులు వేసింది. అందరూ వరసగా కూర్చున్నారు. తాను కూర్చోకుండా బచ్చప్ప కర్ర పట్టుకుని లేచాడు. పిల్లమ్మ వద్దంటున్నా వినకుండా, కర్రని చంకలో ఇరికించుకుని, రాగిముద్దల పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని కుంటుకుంటూ మునేష్ ఆకు దగ్గరికి వచ్చాడు. వేడి ముద్ద వేసి, మధ్యలో గుంట చేసి, పిల్లమ్మ చేత పులుసు పోయించాడు. పక్కవాళ్ళకి వేసి మళ్ళీ తిరిగి వచ్చేసరికి మునేష్ ముద్ద చాలావరకు తిన్నాడు. బచ్చప్ప ఇంకొకటి తీశాడు.

మునేష్ ఆకుకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "చాలన్నా. నిజంగా చాలు."

బచ్చప్ప ముద్ద పట్టుకుని అట్లాగే వంగి నిలబడ్డాడు.

"ఆ పొద్దు బావిలో నువ్వు చాలన్నావా?" అన్నాడు.

మునేష్ తలెత్తి చూశాడు. చూసి, ఆకు మీద నుంచి చేతులు తీసేశాడు.